రిసార్టు గదుల్లో చోరీలు, లాకర్ల భద్రత

రిసార్టు గదిలో జరిగే దొంగతనానికీ ఇంట్లో జరిగే దొంగతనానికీ ముఖ్యమైన తేడా తాళం దగ్గరే ఉంది. ఇంటి తాళంచెవి ఇంటివారి దగ్గరే ఉంటుంది. రిసార్టు గది తాళం ఒక్కరి చేతిలో ఉండదు. బస చేసినవారి దగ్గర ఒక కీకార్డు, హౌస్‌కీపింగ్ దగ్గర ఆ వరుస గదులన్నిటికీ పనికొచ్చే కార్డు, డ్యూటీ మేనేజర్ దగ్గర అన్ని గదులనూ తెరిచే మాస్టర్ కార్డు ఉంటాయి. గదిలోని చిన్న లాకరుదీ ఇదే సంగతి. అతిథి పెట్టుకున్న నంబరు కాక, దాన్ని తెరవడానికి యాజమాన్యం దగ్గర మరో దారి తప్పనిసరిగా ఉంటుంది. కాబట్టి రిసార్టులో వస్తువు భద్రత ఇనుప తలుపు మందం కన్నా, ఆ తలుపును ఎవరు ఎప్పుడు తెరిచారో చెప్పే రికార్డు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

రిసార్టులకు వెళ్లే కుటుంబాలుండే ప్రాంతానికి మల్లాపూర్ ఒక ఉదాహరణ. హైదరాబాద్ తూర్పు అంచున నాచారం, మౌలాలి, ఈసీఐఎల్ మధ్య విస్తరించిన మల్లాపూర్‌లో పాత ఊరు, పారిశ్రామికవాడ, ఉద్యోగుల కాలనీలు కలిసే ఉన్నాయి. ఇలాంటి మధ్యతరగతి ప్రాంతాల్లో వరసగా మూడు రోజులు సెలవులొస్తే కుటుంబమంతా రిసార్టుకు వెళ్లడం మామూలైంది. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి వరంగల్ హైవే పట్టుకుంటే యాదగిరిగుట్ట వస్తుంది. హయత్‌నగర్ దాటితే 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ, నగరానికి ఉత్తరాన శామీర్‌పేట చుట్టుపక్కల రిసార్టులు, ఇంకా దూరం పోగలిగితే అనంతగిరి, నాగార్జునసాగర్, లక్నవరం చెరువులోని దీవి కాటేజీలు, కోనసీమలో దిండి, విశాఖ దగ్గర రుషికొండ, అరకు ఉన్నాయి. పర్యాటక సంస్థల హరిత హోటళ్ల నుంచి ప్రైవేటు రిసార్టుల దాకా అన్నిచోట్లా గది ఏర్పాట్లు ఒక్కలా ఉండవు. కొన్నింట్లో లాకరే ఉండదు. కొన్నింట్లో ఉన్నా బ్యాటరీ ఉండదు.

చోరీ జరిగే తీరు

రిసార్టు చోరీల్లో ఎక్కువ భాగం అవకాశం చూసి జరిగేవే. టేబుల్ మీద వదిలిన ఉంగరం, చార్జింగ్‌కు పెట్టి మరిచిన ఫోన్, తలుపు తీసి ఉంచి పక్క గదిలో బంధువుల దగ్గరికి వెళ్లిన పది నిమిషాలు దీనికి చాలు. నగరం మధ్యలోని హోటల్‌కు ఒకే ప్రవేశద్వారం, లిఫ్టు, కెమెరా ఉన్న వరండా ఉంటాయి. రిసార్టు కాటేజీలు తోటలో చెదురుమదురుగా ఉంటాయి. నేలమీది కాటేజీకి వెనుక వైపు అద్దాల జారుడు తలుపు ఉంటుంది. దాని చిలుకు సరిగా పడదు, లేదా ఉక్క పోస్తోందని రాత్రంతా తీసే ఉంచుతారు. తాళం పగలగొట్టిన ఆనవాలు లేకుండా వస్తువు పోయిందంటే సిబ్బంది పనే అనుకోవడం సహజం. కానీ వెనుక తలుపు సంగతి ముందు చూసుకోవాలి.

ఈతకొలను దగ్గర చోరీకి మరో పద్ధతి ఉంది. విప్పిన బట్టల మీద కీకార్డు ఉంటుంది, దాని కవరు మీద గది నంబరు రాసి ఉంటుంది. రెండూ కలిపి దొరికినవాడికి గది దొరికినట్టే. అందుకే మంచి హోటళ్లు గది నంబరును కార్డు మీద ముద్రించవు. రిసెప్షన్‌లో పైకి చదవకుండా కాగితం మీద రాసి చూపిస్తాయి. చంటిపిల్లలతో, సామానుతో, అరుపులతో నిండిన చెక్-ఇన్ సమయం బ్యాగులు మారిపోవడానికీ మాయమవడానికీ అనువైన సమయం. చెక్-అవుట్ ఉదయం అంతకన్నా అనువైనది. సామానంతా వరండాలో ఉంటుంది, కారు డిక్కీ తెరిచి ఉంటుంది, పెద్దవాళ్లంతా బిల్లు దగ్గర ఉంటారు.

రిసార్టు పెళ్లిళ్లు వచ్చాక చోరీ రూపం మారింది. పెళ్లికి వచ్చిన బంధువుల్లా పట్టుచీరలు, సూట్లు వేసుకొని వచ్చి నగల సంచినో చదివింపుల సంచినో పట్టుకుపోయే ముఠాలను దేశంలో చాలాచోట్ల పోలీసులు పట్టుకున్నారు. వీళ్లు పిల్లలను ముందు పెట్టి పని కానిస్తారు. పిల్లవాణ్ణి ఎవరూ ఎవరి తాలూకని అడగరు. ఆడపెళ్లివారు మగపెళ్లివారి పిల్లాడనుకుంటారు, మగపెళ్లివారు ఆడపెళ్లివారి పిల్లాడనుకుంటారు. తలంబ్రాల సమయంలో అందరి చూపూ మండపం మీదే ఉంటుంది. వధువు గది తాళం ఎవరో ఒక పిన్ని దగ్గర ఉందనుకుంటారే గాని, ఏ పిన్ని దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. ఇంత మంది ఉన్న పెళ్లిలో నగల గదికి ఒక మనిషిని కూర్చోబెట్టడమే నమ్మదగ్గ ఉపాయం.

తిరుమల, శ్రీశైలం వంటి కొండల మీద కిటికీ తీసి ఉంచితే కోతులు సంచులు ఎత్తుకుపోవడమూ ఉంది. పోలీసు లెక్కలోకి రాని నష్టమైనా, కళ్లజోడో మందుల సంచో పోయినప్పుడు ముసలివాళ్లు పడే బాధ చిన్నది కాదు.

విడిది యజమాని బాధ్యత: పూర్వచరిత్ర

బాటసారి వస్తువు పోతే ఎవరు పూచీ అన్న ప్రశ్న చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రం దీనికి స్పష్టమైన జవాబు చెప్పింది. వర్తకులు తమ సరుకు విలువ ముందుగా తెలియజేసి ఊళ్లో బస చేయవచ్చు. అలా తెలియజేసిన సరుకు రాత్రివేళ పోతే గ్రామాధికారి ఆ నష్టం తీర్చాలి. ముందుగా విలువ చెప్పడం, దానిమీద పూచీ పుట్టడం అనే ఈ సూత్రమే నేటి హోటల్ చట్టాల్లోనూ కనిపిస్తుంది. సత్రాల నిర్వాహకులు తమ దగ్గర దిగినవారి వివరాలు నగర అధికారులకు తెలపాలన్న నియమమూ అందులో ఉంది.

రోమను చట్టం నౌకల వారినీ సత్రాల వారినీ గుర్రపుశాలల వారినీ ఒకే గాటన కట్టి, తమ చేతికి వచ్చిన వస్తువులకు పూచీ పడాలని శాసించింది. ఇంగ్లండులో 1584 నాటి కేలీ కేసు సత్రం యజమానిని దాదాపు బీమాదారు స్థానంలో నిలబెట్టింది. అక్కడ ఆ భారం క్రమంగా తగ్గి, 1956 హోటల్ యజమానుల చట్టంతో ఒక్కో వస్తువుకు 50 పౌండ్లు, మొత్తం మీద 100 పౌండ్ల పరిమితికి వచ్చింది. అయితే వస్తువును భద్రపరచమని యజమానికి అప్పగిస్తే, లేదా యజమాని నిర్లక్ష్యం రుజువైతే ఈ పరిమితి వర్తించదు. న్యూయార్క్ రాష్ట్రంలోనూ ఇలాంటిదే ఉంది. హోటల్ లాకరు ఏర్పాటు చేసి, ఆ సంగతి నోటీసు పెడితే, అందులో పెట్టని నగలకూ నగదుకూ పూచీ ఉండదు. పెట్టినవాటికి కూడా, ప్రత్యేకంగా రాతపూర్వక ఒప్పందం లేకపోతే, 1,500 డాలర్లకు మించి ఇవ్వక్కర్లేదు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన తెలుగు తల్లిదండ్రులు హోటల్ గది తలుపు వెనుక సన్నని అక్షరాలతో చూసే కాగితం ఇలాంటిదే. చదవకుండా వదిలేస్తే నష్టం చదవనివారిదే.

మన దగ్గర బ్రిటిషు పాలిత ప్రాంతాలకు 1867లో సరాయిల (ప్రయాణికుల సత్రాల) చట్టం వచ్చింది. సరాయి నడిపేవారు పేరు నమోదు చేయించుకోవాలి, ఆవరణ శుభ్రంగా ఉంచాలి, దిగినవారి రక్షణకు మేజిస్ట్రేటు చెప్పినంతమంది కావలివాళ్లను పెట్టాలి. నిజాం రాజ్యంలో ప్రయాణికుల వసతికి కట్టినవాటిలో హైదరాబాద్ రైల్వేస్టేషన్ ఎదుటి నాంపల్లి సరాయి పేరున్నది. అంతకు ముందు కాలంలో దూరప్రయాణం చేసే తెలుగువాళ్లు గుంపుగా, కాపలాతో వెళ్లేవారు. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకొనే వెళ్లారు. నగదు మోయకుండా సాహుకార్ల దగ్గర హుండీ రాయించుకొని, చేరినచోట మార్చుకోవడం అప్పటి పద్ధతి. మోసుకెళ్లని సొత్తును దొంగ ఎత్తుకుపోలేడని వాళ్లకు బాగా తెలుసు.

గది తలుపు

లాకరు గురించి ఆలోచించే ముందు తలుపు సంగతి తేలాలి. పాత ఇత్తడి తాళంచెవిని ఎవరైనా ఒకసారి తీసుకెళ్లి నకలు చేయించుకోవచ్చు. ఆ తర్వాత ఆ గదిలో దిగిన ప్రతివారికీ ప్రమాదమే. అతిథి మారినప్పుడల్లా తాళం కూడా మారే కీకార్డును 1970లలో నార్వేలో కనిపెట్టడానికి కారణం ఇదే. మొదటి కార్డుల్లో రంధ్రాల అమరికే తాళం. తర్వాత అయస్కాంతపు పట్టీ వచ్చింది, ఇప్పుడు తాకిస్తే చాలు తెరుచుకునే చిప్ కార్డులు వచ్చాయి.

వీటికీ లోపాలున్నాయి. 2012లో ఓనిటీ కంపెనీ తాళాలను చిన్న ఎలక్ట్రానిక్ పరికరంతో తెరవవచ్చని అమెరికాలో ఒక భద్రతా సదస్సులో చూపించారు. ఆ ఏడాదే హ్యూస్టన్‌లో హోటల్ గదుల చోరీలకు ఆ పద్ధతిని వాడారు. 2018లో ఫిన్లండుకు చెందిన ఎఫ్-సెక్యూర్ పరిశోధకులు వింగ్‌కార్డ్ వ్యవస్థలో పాత కార్డు ఒకటి దొరికితే మాస్టర్ కార్డు తయారు చేయవచ్చని నిరూపించారు. చాలా ఏళ్ల కిందట బెర్లిన్ హోటల్ గదిలో తలుపు పగలకుండా తమ సహచరుడి లాప్‌టాప్ మాయమవడమే వాళ్లను ఆ పరిశోధనకు పురిగొల్పింది. 2024 మార్చిలో డోర్మకాబా సంస్థ సఫ్లాక్ తాళాల్లో ఇలాంటి లోపమే బయటపడింది. 131 దేశాల్లో దాదాపు 30 లక్షల తలుపులకు ఆ తాళాలున్నాయి. కంపెనీలు సవరణలు ఇచ్చాయి. కానీ ప్రతి హోటల్ తన తలుపులకు ఆ సవరణ చేయించుకుందా అన్నది వేరే సంగతి.

అతిథికి ఇవన్నీ తెలియాల్సిన పని లేదు. గదిలో ఉన్నప్పుడు లోపలి గడియ, గొలుసు వేసుకోవాలి. బయటికి వెళ్లేటప్పుడు తలుపు లాగి, పిడి తిప్పి చూడాలి. వెనుక అద్దాల తలుపు చిలుకు పడుతోందో లేదో చెక్-ఇన్ సమయంలోనే చూసి, పడకపోతే అప్పుడే గది మార్చమనాలి. పక్క గదికి మధ్య తలుపు ఉంటే దానికీ ఇదే పరీక్ష. రాత్రి గది ఫోన్‌కు రిసెప్షన్ అంటూ ఫోన్ వచ్చి, బ్యాంకు కార్డు పనిచేయలేదు, నంబరు మళ్లీ చెప్పమంటే చెప్పకుండా స్వయంగా కిందికి వెళ్లి మాట్లాడాలి.

గది లాకరు

బట్టల అలమరలో, సాధారణంగా అడుగు అరలో, లాప్‌టాప్ పట్టేంత ఇనుప పెట్టె ఉంటుంది. దాని ముఖాన పది అంకెల మీటలు, చిన్న తెర. అతిథి నాలుగు నుంచి ఆరు అంకెల కోడ్ పెట్టి తలుపు మూస్తే లోపల గడియ పడుతుంది. లోపల నాలుగు పెన్సిల్ బ్యాటరీలుంటాయి. అడుగున, వెనుక గోడన ఉన్న రంధ్రాల్లోంచి బోల్టులు వేసి అలమరకో గోడకో బిగిస్తారు. ఈ బోల్టుల దగ్గరే నాణ్యత తేలిపోతుంది. కాంక్రీటు గోడకు బిగించిన లాకరును కదపడం కష్టం. ప్లైవుడ్ పలకకు రెండు స్క్రూలతో బిగించిన లాకరును పలకతో సహా పెకలించి సూట్‌కేసులో పెట్టుకుపోవచ్చు. అసలు బిగించనే లేని లాకర్లు కూడా కాటేజీల్లో కనిపిస్తాయి. రెండు చేతులతో పట్టుకొని కదిపి చూస్తే తెలిసిపోతుంది.

అతిథులు కోడ్ మరిచిపోవడం, లోపల పాస్‌పోర్టు వదిలి వెళ్లిపోవడం, బ్యాటరీ అయిపోవడం ప్రతి హోటల్‌లో జరిగేవే. అందుకని యాజమాన్యానికి రెండో దారి తప్పదు. అది మూడు రకాలు. మొదటిది మాస్టర్ కోడ్. రెండోది మామూలు తాళంచెవి, దాని రంధ్రం కంపెనీ పేరున్న పలక వెనుక దాగి ఉంటుంది. మూడోది లాకరుకు తీగతో కలిపి తెరిచే చేతి పరికరం. ఈ మూడింటిలో మాస్టర్ కోడ్ అన్నిటికన్నా బలహీనం. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అన్ని లాకర్లకూ ఒకే కోడ్ ఉంటుంది, చాలా సార్లు ఆరు సున్నాలో ఆరు తొమ్మిదులో. బిగించినవాళ్లు దాన్ని మార్చకుండా వదిలేస్తే ఆ లాకరుకు తాళం ఉన్నా లేనట్టే. లాకరును ఖాళీగా తన కోడ్‌తో మూసి, ఒకసారి సున్నాలు, ఒకసారి తొమ్మిదులు నొక్కి చూడటం అతిథి చేయగల పరీక్ష. తెరుచుకుంటే అందులో ఏమీ పెట్టకూడదు, మేనేజర్‌కు చెప్పాలి.

చేతి పరికరం పద్ధతి మంచిది. అది తెరిచిన ప్రతిసారీ తేదీ, సమయం, ఎవరి పరికరం అన్నది లాకరు జ్ఞాపకంలో నమోదవుతుంది. మంచి లాకర్లు గత వంద దాకా సంఘటనలను దాచుకుంటాయి. చోరీ ఫిర్యాదు వచ్చినప్పుడు ఈ నమోదును, గది తలుపు తాళంలోని నమోదును పక్కపక్కన పెట్టి చూస్తే గదిలోకి ఎవరు వెళ్లారో, లాకరు ఏ కోడ్‌తో తెరుచుకుందో బయటపడుతుంది. ఈ నమోదు లేని లాకరులో వస్తువు పోతే మిగిలేది ఒకరి మాట మీద ఒకరి మాట మాత్రమే.

గడియను నిలిపే యంత్రంలోనూ తేడాలున్నాయి. చవక రకాల్లో చిన్న విద్యుదయస్కాంతం గడియను పట్టి ఉంచుతుంది, గట్టి కుదుపుకు అది జారే అవకాశం ఉంది. మోటారుతో కదిలే గడియ నమ్మదగ్గది. భారతదేశంలో ఇనప్పెట్టెలకు ఐఎస్ 550 అనే ప్రమాణం ఉంది. నగల దుకాణాలు, బ్యాంకులు వాడే బరువైన పెట్టెలు అలాంటి ప్రమాణాలకు తయారవుతాయి. 1897లో తాళాలతో మొదలై 1902లో మొదటి ఇనప్పెట్టె తయారుచేసిన గోద్రెజ్ పేరు తెలుగిళ్లలో బీరువాకు మారుపేరైంది. కానీ హోటల్ గదిలోని పెట్టె ఆ కోవలోది కాదు. సన్నని రేకు, తక్కువ బరువు. అగ్నిప్రమాదాన్ని తట్టుకునేలా చేసినవి అరుదు. చేతివాటం చూపే మనిషిని అది ఆపుతుంది, సరంజామాతో వచ్చిన దొంగను ఆపదు. పాస్‌పోర్టు, కొంత నగదు, రోజూ వేసుకునే గొలుసు పెట్టడానికి సరిపోతుంది. పెళ్లి నగలకు చాలదు.

కోడ్ ఎంచుకోవడంలో పుట్టినరోజు, గది నంబరు, 1234 పనికిరావు. మీటలు నొక్కేటప్పుడు గదిలో రూమ్ బాయ్ గాని, వీడియో తీసే పిల్లలు గాని ఉండకూడదు. వాడిన మీటల మీద వేలిజిడ్డు కనిపిస్తుంది కాబట్టి కోడ్ పెట్టాక మీటలన్నీ ఒకసారి తుడవటం మంచి అలవాటు. మొదట తలుపు తీసి ఉంచి కోడ్ పెట్టి, గడియ బయటికి రావడం, మళ్లీ లోపలికి పోవడం చూశాకే వస్తువు పెట్టాలి. మరిచిపోకుండా ఉండటానికి కొందరు ప్రయాణం నాడు వేసుకునే చెప్పుల్లో ఒకటి లాకరులో పెడతారు. ఒంటి చెప్పుతో ఎవరూ చెక్-అవుట్ చేయరు.

రిసెప్షన్ లాకరు, దేవస్థానాల లాకర్లు

పెద్ద హోటళ్లలో రిసెప్షన్ వెనుక గదిలో బ్యాంకు తరహా లాకర్లుంటాయి. ఒక చెవి అతిథి దగ్గర, ఇంకోటి హోటల్ దగ్గర ఉంటాయి. రెండూ కలిస్తేనే తెరుచుకుంటుంది. ఇక్కడ అతిథి వస్తువును అప్పగిస్తాడు, రసీదు తీసుకుంటాడు, రిజిస్టరులో సంతకం పెడతాడు. విలువైనది ఏదైనా ఉంటే గది లాకరు కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. చట్టం దృష్టిలో ఈ తేడా చాలా పెద్దది. రిసెప్షన్ లాకరు లేని చిన్న రిసార్టుల్లో మేనేజర్‌కు వస్తువు ఇస్తే, వివరం, బరువు రాసిన సంతకంతో కూడిన కాగితం తీసుకోవాలి.

తెలుగువాళ్లు ఎక్కువగా వాడిన లాకర్లు రిసార్టులవి కావు, తిరుమలవి. గది దొరకనివారి కోసం తిరుమల తిరుపతి దేవస్థానాలు కట్టిన యాత్రికుల వసతి సముదాయాల్లో పెద్ద హాళ్లు, ఉచిత లాకర్లు ఉంటాయి. 2025లో ప్రారంభమైన వేంకటాద్రి నిలయం వీటిలో కొత్తది. దర్శనానికి వెళ్లేటప్పుడు సెల్‌ఫోన్లు, సంచులు కౌంటర్లలో అప్పగించి రసీదు తీసుకోవడం అందరికీ అలవాటే. అంత జనంలో ఆ పద్ధతి నిలబడటానికి కారణం ప్రతి వస్తువుకూ ఒక చీటీ, ప్రతి చీటీకీ ఒక మనిషి ఉండటం. రిసార్టులు నేర్చుకోదగ్గ పాఠం ఇక్కడ ఉంది.

బంగారం

ఈ విషయంలో తెలుగు కుటుంబాల సమస్య ప్రత్యేకమైనది. అంతా వెళ్లిపోతే ఇంట్లో బీరువాలో బంగారం వదలడానికి భయం, వెంట తీసుకెళ్తే రిసార్టులో భయం. నిజానికి రెండూ తప్పే. తాళం వేసిన ఇంటి బీరువా, రిసార్టు గది లాకరు రెండూ చోరుడికి అందేవే. ఏడాదిలో నాలుగుసార్లు వాడే నగలు బ్యాంకు లాకరులో ఉండాలి.

తీసుకెళ్లక తప్పనప్పుడు ప్రతి నగకూ ఫోటో, బరువు, బిల్లు ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణాలు అమ్మే హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన ప్రత్యేక గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయింది. ఒక నగ మీదిది మరో నగ మీద ఉండదు. కరిగించకముందే పట్టుబడిన నగ తమదేనని నిరూపించడానికి ఇంతకన్నా గట్టి ఆధారం లేదు. అమ్మమ్మ నాటి నగలకు ఆ సంఖ్య ఉండదు, వాటికి ఫోటోలే దిక్కు. సాధారణ ప్రయాణ బీమా పాలసీలు నగలనూ నగదునూ ఎక్కువగా మినహాయిస్తాయి. నగలకు విడిగా, ఇంటి బయట కూడా వర్తించేలా పాలసీ తీసుకోవాలి.

సిబ్బంది

వస్తువు కనబడకపోతే అందరూ మొదట వేలు చూపించేది గది ఊడ్చిన మనిషి వైపే. తక్కువ జీతానికి, తరచు ఏజెన్సీ ద్వారా పనిచేసే మనిషి తను తీయలేదని నిరూపించుకోలేడు. పోయిందనుకున్న ఉంగరం రెండు రోజుల తర్వాత సబ్బుపెట్టెలోనో పిల్లాడి నిక్కరు జేబులోనో దొరికినా, అప్పటికి ఆ మనిషి ఉద్యోగం పోయి ఉంటుంది. తాళపు నమోదు, లాకరు నమోదు, వరండా కెమెరా ఇలాంటివారికే ఎక్కువగా రక్షణ. గది శుభ్రం చేస్తున్నంతసేపూ తలుపు తెరిచి ఉంచడం, ఇద్దరు కలిసి వెళ్లడం, దొరికిన వస్తువును అప్పటికప్పుడు రిజిస్టరులో రాయించడం నిజాయతీ గల సిబ్బంది తమ కోసం తాము పాటించే నియమాలు. అనుమానంతో ఎవరినైనా గదిలో బంధించడం, కొట్టడం నేరమే అవుతుంది, చేసినవారు అతిథులైనా, యాజమాన్యమైనా.

చట్టం

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్. నివాసంగా వాడే భవనంలో, గుడారంలో దొంగతనం 305వ సెక్షన్ కిందికి వస్తుంది, దానికి ఏడేళ్ల దాకా జైలు. ఉద్యోగి తన యజమాని ఆధీనంలోని వస్తువు దొంగిలిస్తే 306వ సెక్షన్, శిక్ష అంతే.

హోటల్ పూచీ సంగతి వేరు. 1872 కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ ప్రకారం ఒకరి వస్తువును మరొకరు భద్రపరచడానికి తీసుకుంటే, 151వ సెక్షన్ ప్రకారం సాధారణ వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్త తీసుకోవాలి. వస్తువు పోతే ఆ జాగ్రత్త తీసుకున్నానని తీసుకున్నవాడే చూపించాలి. తాజ్ మహల్ హోటల్, యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కేసులో 2019 నవంబర్ 14న సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. 1998 ఆగస్టు 1 రాత్రి ఢిల్లీలోని ఆ హోటల్‌లో ఒక అతిథి మారుతీ జెన్ కారును పార్కింగ్ చేసే వాలెకు అప్పగించాడు. మరో కారులో వచ్చిన కుర్రాళ్లు దాని తాళాలు చేజిక్కించుకొని కారు తీసుకుపోయారు. టోకెన్ మీద ‘సొంతదారు పూచీ’ అని రాసి ఉందని హోటల్ వాదించింది. తన జాగ్రత్త తాను తీసుకున్నట్టు ముందు నిరూపించుకోకుండా ఆ రాతల చాటున దాక్కోవడం కుదరదని కోర్టు చెప్పింది.

ఈ సూత్రం రిసెప్షన్‌లో అప్పగించిన నగకు నేరుగా సరిపోతుంది. గది లాకరుకు అంత సులువుగా సరిపోదు, ఎందుకంటే వస్తువును హోటల్ చేతికి ఇవ్వలేదు, కోడ్ అతిథి దగ్గరే ఉంది. అక్కడ సేవాలోపం చూపించాలి. ఫ్యాక్టరీ కోడ్ మార్చకపోవడం, బిగించని పెట్టె, పనిచేయని తలుపు చిలుకు, చెప్పినా పట్టించుకోకపోవడం లాంటివి అందుకు ఆధారాలు. అందుకే చెక్-ఇన్ నాడు లోపం గురించి రిసెప్షన్‌కు పంపిన ఒక్క వాట్సాప్ మెసేజ్ తర్వాత ఎంతో విలువ చేస్తుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఫిర్యాదుదారుకు ఒక పెద్ద వెసులుబాటు ఇచ్చింది. రిసార్టు ఎక్కడున్నా, తను నివసించే జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. అరకులో నష్టపోయిన మల్లాపూర్ కుటుంబం విశాఖ చుట్టూ తిరగనక్కరలేదు, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సేవామూల్యం 5 లక్షల రూపాయల లోపయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. సలహాకు జాతీయ హెల్ప్‌లైన్ 1915.

చోరీ జరిగాక

మొదటి గంటలో చేసేవే ఎక్కువగా ఫలిస్తాయి. గదిలో ఏదీ కదపకుండా డ్యూటీ మేనేజర్‌ను పిలవాలి. తలుపు, లాకరు నమోదులను, కెమెరా దృశ్యాలను భద్రపరచమని రాతపూర్వకంగా కోరి, ఆ కాగితం నకలు మీద సంతకం తీసుకోవాలి. 2013 ప్రజాభద్రతా చట్టం తెలుగు రాష్ట్రాల్లో జనం గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టాలనీ, దృశ్యాలను 30 రోజులు ఉంచాలనీ చెబుతుంది. ఆ తర్వాత అవి చెరిగిపోవచ్చు. గదిలోపల కెమెరా ఉండకూడదు, ఉంటే అదే నేరం.

తర్వాత పోలీసులకు 100 లేదా 112లో ఫోన్ చేయాలి. ఇల్లు చేరాక సంచి విప్పినప్పుడు చోరీ బయటపడినా చిక్కు లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించవచ్చు. నాచారం స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు రిసార్టు ఉన్న స్టేషన్‌కు బదిలీ అవుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం, బీమాకు అది తప్పనిసరి. నమోదు చేయకపోతే పోలీసు ఉన్నతాధికారికి రాయవచ్చు. ఫోన్ పోతే కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్ ద్వారా దాన్ని నిరోధించాలి. బ్యాంకు కార్డులు ఆపించాలి. డబ్బు ఖాతాలోంచి పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

దొరికిన నగ కేసు ముగిసేదాకా పోలీసు మాల్‌ఖానాలో (స్వాధీనం చేసుకున్న వస్తువులు ఉంచే గదిలో) ఉండాల్సిన పని లేదు. పంచనామా, ఫోటోలు తీసుకొని, బాండు రాయించుకొని త్వరగా సొంతదారుకు ఇచ్చేయాలని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాలి.

తాళం వేసిన ఇల్లు

రిసార్టు ప్రయాణంలో చోరీ రెండుచోట్ల జరగవచ్చు, రెండోది వెనుక వదిలిన ఇల్లు. సెలవుల ముందు ప్రతి ఏడూ పోలీసులు ఊరికి వెళ్లేవారిని స్టేషన్‌లో చెప్పి వెళ్లమంటారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు దీనికోసం తాళం వేసిన ఇళ్లపై నిఘా పెట్టే ప్రత్యేక యాప్ తెచ్చారు. ఈతకొలను ఫోటోలు అక్కడి నుంచే స్టేటస్‌లో పెట్టడం ఇల్లు ఖాళీగా ఉందని చాటింపు వేయడమే. పాలు, పేపరు ఆపించడం, పక్కింటివారికి ఒక మాట చెప్పడం పాత పద్ధతులే అయినా ఇప్పటికీ పనిచేస్తాయి.

ఇంట్లో వదలకుండా నగలు పెట్టే బ్యాంకు లాకరు కూడా పరిమితి లేని పూచీ కాదు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, చోరీ, భవనం కూలడం, బ్యాంకు ఉద్యోగి మోసం వల్ల నష్టం జరిగితే బ్యాంకు ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే చెల్లిస్తుంది. అద్దె 3,000 రూపాయలైతే గరిష్ఠంగా 3 లక్షలు. లాకరులోని వస్తువులకు బ్యాంకు బీమా చేయించదు, ఆ పాలసీలు అమ్మడానికి కూడా దానికి అనుమతి లేదు. అంతకు మించిన విలువ గల నగలు ఉన్నవారు బీమా సంస్థ దగ్గర తామే విడిగా పాలసీ తీసుకోవాలి.